ఖాళీ గదికి జబ్బు

కాలేజీలో ఆమెను సెమికోలన్ మేడమ్ అనేవారు. మొదటి సంవత్సరం పిల్లలు ప్రోగ్రాం రాసుకుని, అది నడవకపోతే బిక్కమొహాలు వేసుకుని చెయ్యెత్తేవారు. ఆమె వెనక నుంచి వంగి తెర వైపు ఒక్క చూపు చూసి, "ఆ వరస చివర సెమికోలన్ ఏదమ్మా?" అనేది. చాలాసార్లు రోగం అదే. "వాక్యం చివర చుక్క మరిచిపోతే భాష చెప్పే మాస్టారు ఓ మార్కు తగ్గించి వదిలేస్తారు. ఇది అలా వదలదు. అలిగిన అల్లుడి లాంటిది. ఏదో ఒకటి తక్కువైందని లేచి కూర్చుంటుంది," అని నవ్వించేది. ఆమె తరచూ చెప్పే మాట ఇంకోటుంది. "ప్రోగ్రాం సొంతంగా తప్పు చెయ్యదు. మనం చేసిన తప్పునే తు.చ. తప్పకుండా చేస్తుంది." ఈ మాటను ఎవరో ల్యాబ్ గోడ మీద మార్కర్‌తో రాశారు. సున్నం వేయించినా లీలగా కనపడుతూనే ఉండేది.

ఆమెకు పాఠం చెప్పడం నేర్పింది మాత్రం కంప్యూటరు చదువు కాదు, వదిన. భర్తకు అక్క. ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి టీచరు. తల్లిదండ్రులు పోయాక పెళ్ళి ఊసెత్తకుండా తమ్ముణ్ణి చదివించి, అతనితో కళ్ళద్దాల దుకాణం పెట్టించింది. ఆవిడ గొంతు ఎంత పెద్దదంటే, ఆ బడిలో గంట పాడైపోయి చాలాకాలమైనా కొత్తది కొనాలని ఎవరికీ తోచలేదు. వరండాలో నిలబడి ఆవిడ "లోపలికి" అంటే ఆటస్థలం అవతలి గోడ దగ్గరి పిల్లలు కూడా పరుగెత్తుకొచ్చేవారు. అందుకే గంట టీచరు అని పేరు.

మరదలు కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఎవరూ తన మాట వినడం లేదని ఓ సాయంత్రం ఏడుస్తూ వచ్చింది.

"అరిచావా?" అంది వదిన.

"అరిచానండీ. ఇంకా గోల చేశారు."

"నువ్వు అరిస్తే వాళ్ళు నీకన్నా గట్టిగా అరుస్తారమ్మాయ్. గొంతు వాళ్ళకూ ఉంది. నువ్వు మాట ఆపెయ్. ఆపి ఒక్కణ్ణే చూడు. వాడు పక్కవాణ్ణి పొడుస్తాడు, పక్కవాడు ముందువాణ్ణి."

మర్నాడు ఆమె అలాగే చేసింది. గది నెమ్మదించింది. ఆ తరవాత, పాప పుట్టాక పీహెచ్‌డీ చెయ్యాలా వద్దా అని ఆమె ఊగిసలాడుతుంటే, వదినే పాపను చంకనేసుకుని తన ఇంటికి తీసుకుపోయింది. "నువ్వు చదువుకో. పిల్లలు నాకేమన్నా కొత్తా?" అంది. అంతకు మించి ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

సెమికోలన్ మేడమ్‌కు ఇచ్చిన హాలు రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. పైన రేకులు. పక్కన వర్క్‌షాపులో ఇనుము కోసే చప్పుడు. మైకు ఎప్పుడు అడిగినా మరమ్మతుకు వెళ్ళిందనే జవాబు. వదిన చెప్పిన చిట్కా గోలను ఆపింది గానీ రేకుల మీద వానను, పక్కగది రంపాన్ని ఆపలేదు. ఏళ్ళ తరబడి ఆ హాల్లో అరిచి అరిచి, ఒక రోజు ఆమెకు నోరు తెరిస్తే గాలే వచ్చింది.

ఆస్పత్రిలో గొంతు డాక్టరు పెద్దాయన. నాలుక పట్టుకుని లోపలికి చిన్న అద్దం పెట్టి చూస్తూనే, "ఏం పనమ్మా మీది?" అన్నాడు. నాలుక ఆయన చేతిలో ఉండగా ఎవరు మాత్రం ఏం చెప్పగలరు. ఆయనే మళ్ళీ, "పాఠాలు చెబుతారు కదూ. బయట కూర్చున్నవాళ్ళలో సగం మీ వాళ్ళే. మిగతా సగం బస్సు కండక్టర్లు," అన్నాడు.

ఆమెకు పెద్ద ముప్పేమీ లేదు. వారం రోజులు నోరు మూసుకోమన్నాడు. "మీరు తొందరగా వచ్చారు. మిగతావాళ్ళు చల్లనీళ్ళు తాగానేమోనని సరిపెట్టుకుంటారు. రోజూ గునపం పడితే అరచేతికి కాయలు కాస్తాయి చూశారా, గొంతులో మాట పుట్టే తంతువుల మీద కూడా అలాగే కాస్తాయి. మొదట్లో అయితే విశ్రాంతితో పోతాయి. ముదిరాక కొయ్యాల్సిందే. కోశాక పాత గొంతు వస్తుందని నేను పూచీ పడను."

ఆ వారం ఇంట్లో మౌనంగా తిరుగుతూ ఆమె ఒకటే ఆలోచించింది. గొంతు తిరిగి రాగానే డాక్టరు దగ్గరికి వెళ్ళి, "అద్దం పెట్టకముందే, మాట వినగానే మీకు తెలిసిపోతుందా?" అని అడిగింది.

"చాలావరకు తెలుస్తుంది."

"మీ చెవికి తెలిసింది కంప్యూటరుకు నేర్పొచ్చు డాక్టర్ గారూ. అది టీచర్ల ఫోన్లలో పెడితే, కాయ కాయకముందే మీ దగ్గరికొస్తారు."

ఆయన నవ్వాడు. నవ్వి, ఆలోచించి, సరేనన్నాడు.

అక్కణ్ణించి ఆమె బతుకు రెండు చోట్ల పడింది. కాలేజీలో శాఖాధిపతి, "మనకు మన పని చాలదా? రెండు పడవల మీద కాళ్ళెందుకమ్మా," అన్నాడు. ఆస్పత్రిలో కొత్తగా వచ్చిన నర్సులు ఆమె ల్యాప్‌టాప్ సంచి చూసి, "కంప్యూటరు రిపేరుకొచ్చారా? రిసెప్షన్ దగ్గరిది కూడా చూసి పోండి," అనేవారు. ఆమె చూసిపెట్టేది కూడా. మెడ లోపలి నిర్మాణం చూపే బొమ్మలు తెచ్చుకుని పాప హోంవర్కు పక్కనే కూర్చుని చదివింది. డాక్టరుకేమో రోగి వివరాలు గడికొకటి చొప్పున విడివిడిగా రాయడం నేర్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆయన ఒకే గడిలో రోగి వయసు, వృత్తి, అలవాట్లు, పైగా "మంచి మనిషి" అని కూడా రాసేవాడు.

పని సూత్రం తేలికే. జబ్బు గొంతులు కొన్ని, బాగున్న గొంతులు కొన్ని వినిపించి, ఏవి ఏవో చెబితే, రెండింటికీ తేడా ఎక్కడుందో ప్రోగ్రామే వెతుక్కుంటుంది. అందరూ ఒకే పేరా చదవాలి. వాన గురించి నాలుగు వాక్యాలు. జబ్బు గొంతులు ఆస్పత్రిలో, డాక్టరు గదిలోనే తీసుకున్నారు. బాగున్న గొంతుల కోసం ఆమె తన కాలేజీకి శిక్షణకు వచ్చే టీచర్లను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి చదివించింది.

"వాళ్ళను కూడా ఇక్కడికే రమ్మంటే బాగుంటుందేమో," అన్నాడు డాక్టరు ఒకసారి.

"అంతమందిని ఇంత దూరం ఎక్కడ తిప్పుతామండీ? గొంతు గొంతే కదా, ఏ గదిలో అయితేనేం," అంది ఆమె. అప్పటికి పరిశోధన పత్రం పంపాల్సిన గడువు దగ్గర పడింది. డాక్టరు ఆ విద్య తనది కాదు గనక ఊరుకున్నాడు.

ఫలితం చూసి ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. దానికి వినిపించకుండా ముందే పక్కన పెట్టిన రికార్డింగులతో పరీక్ష పెడితే ప్రోగ్రాం దాదాపు ఒక్కటీ తప్పు చెప్పలేదు. పరిశోధన పత్రం మంచి పత్రికలో అచ్చయింది. రెండు పడవల శాఖాధిపతే ప్రిన్సిపాల్‌ను వెంటబెట్టుకొచ్చి అభినందించాడు. కాలేజీ గేటు పక్కన ఆమె ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫోటోలో ఆమె చేతికి ఎవరిదో స్టెతస్కోపు ఇచ్చారు. ఎందుకిచ్చారో ఎవరికీ తెలియదు.

ఫోనులో వాడుకునే వీలు కూడా చేశారు. మొదట తెప్పించుకున్నది వదిన. బడిలో అందరికీ పెట్టించింది. "మా మరదలు చేసింది. ఫీజు లేదు, లైను లేదు, నాలుక పట్టుకుని లాగడం లేదు," అని చెప్పుకునేది. టీచర్లంతా ఇళ్ళలో కూర్చుని వాన పేరా చదివేవారు. అందరికీ బాగుందనే వచ్చేది. బాగుందని చెప్పే డాక్టరు ఎవరికి మాత్రం చేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఆస్పత్రికి వెళ్ళింది, కొత్త రోగుల గొంతులు తీసుకోవడానికి. మైకు అమర్చి, రికార్డింగు నొక్కింది. అంతలో వార్డు నుంచి పిలుపొచ్చి డాక్టరు లేచి వెళ్ళాడు. రోగి ఇంకా లోపలికి రాలేదు. గదిలో ఆమె ఒక్కతే. మాట లేదు, దగ్గు లేదు. తెర మీద ఎర్రగా ఫలితం పడింది. జబ్బు ఉంది. అనుమానమే లేదన్నంత గట్టిగా చెప్పింది.

ఆమె పొరపాటున పాత రికార్డింగు నొక్కానేమో అనుకుని మళ్ళీ చేసింది. ఊపిరి బిగబట్టి చేసింది. మళ్ళీ ఎర్రగానే.

అప్పుడు ఆమె చెవికి ఏసీ చప్పుడు వినిపించింది. ఆ గదికి కిటికీ తెరుచుకోదు. గోడకున్న పాత ఏసీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గురక పెడుతూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు మధ్య కూర్చున్నా ఎప్పుడూ అది చెవికెక్కలేదు. లేచి ఏసీ ఆపి, మళ్ళీ నొక్కింది. తెర పచ్చబడింది. జబ్బు లేదు.

జబ్బు గొంతులన్నీ ఈ గదివి. బాగున్న గొంతులన్నీ ఏసీ లేని కాలేజీ స్టాఫ్ రూమువి. రెండింటికీ తేడా వెతకమంటే ప్రోగ్రాం బుద్ధిగా వెతికింది. కాయల జోలికి పోలేదు, తేలిగ్గా దొరికిన ఏసీని పట్టుకుంది. పరీక్షకు పక్కన పెట్టిన రికార్డింగులు కూడా ఆ రెండు గదులవే కాబట్టి పరీక్షా నెగ్గింది. ఇళ్ళలో కూర్చుని చదివిన టీచర్లందరికీ బాగుందని ఎందుకొచ్చిందో కూడా ఆ నిమిషంలోనే ఆమెకు అర్థమైంది. ఒళ్ళంతా చెమట పట్టింది. ఏసీ ఆగినందుకు కాదు.

డాక్టరు తిరిగొచ్చి, "ఏసీ ఆగిపోయిందా? ఏంటమ్మా మొహం అలా ఉంది?" అన్నాడు.

"ఏం లేదండీ. తలనొప్పి," అంది.

ఆ మూడు మాటలే ఆమె చేసిన తప్పు. గదుల సంగతి తెలియక చేసిన పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది, చెబితే నలుగురు అర్థం చేసుకుంటారు. ఈ మాటలు మాత్రం తెలిసి అన్నవి. ఆ సాయంత్రం బస్సు దిగి నడుస్తూ, రేపు చెబుతాను అనుకుంది. మొత్తం ఇంకోసారి సరిచూసి, ఎంత తప్పిందో తేల్చుకుని చెబుతాను అనుకుంది. వినడానికి పద్ధతిగానే ఉన్న ఆలోచన అది.

ఇంట్లో అడుగుపెట్టగానే ఫోను మోగింది. వదిన.

"అమ్మాయ్, రెండు వారాలై గొంతు బొంగురుగా ఉందే. తమ్ముడు డాక్టరు దగ్గరికి పదమని ఒకటే గొడవ. నీ దాంట్లో చదివా. బాగుందంది. ఇంకెందుకు చెప్పు ఆస్పత్రి? మళ్ళీ పరీక్షల సీజను, సెలవు పెట్టలేను."

ఆ గొంతులోని గరగర ఫోనులోనే వినిపిస్తోంది. అది వినడానికి కంప్యూటరు అక్కర్లేదు.

"అయినా... ఒకసారి చూపించుకుంటే మంచిది కదా వదినా," అంది.

"నువ్వు కూడా అదే మాటా? నీ మిషను మీద నీకే నమ్మకం లేదా ఏంటి?" అని వదిన నవ్వింది. నవ్వు మధ్యలో తెగి దగ్గుగా మారింది.

ఆమె ఏదో గొణిగింది. ఏం గొణిగిందో తరవాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు చెప్పులు విప్పకుండా అలాగే నిలబడింది.

రేపు ఎల్లుండి అయింది. ఎల్లుండి వారాలయింది. ఆ మధ్యలో ఒక సభలో ఆమెను వేదిక మీదికి పిలిచి జ్ఞాపిక ఇచ్చారు. చప్పట్లు కొడుతుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడింది. జ్ఞాపికను ఇంట్లో అందరికీ కనపడేచోట పెట్టబోతే భర్త చేతిలోంచి తీసుకుని బీరువాలో పెట్టేసింది. "దుమ్ము పడుతుందండీ," అంది. గేటు పక్క ఫ్లెక్సీ చూడలేక వెనక వైపు సైకిలు స్టాండు గుండా కాలేజీలోకి వెళ్ళడం మొదలుపెట్టింది. క్లాసులో, "ప్రోగ్రాం సొంతంగా తప్పు చెయ్యదు," అని అలవాటుగా మొదలుపెట్టి మిగతా సగం చెప్పలేక బోర్డు వైపు తిరిగింది. వెనక నుంచి పిల్లలే కోరస్‌గా పూర్తి చేశారు.

వదినను చివరికి ఆస్పత్రికి తీసుకెళ్ళింది తమ్ముడు. బతిమాలడం మానేసి, దుకాణం మూసి, ఆటో తెచ్చి బడి ముందు పెట్టాడట. డాక్టరు అద్దం పెట్టి చూసి, ముదిరిందనీ వెంటనే కొయ్యాలనీ చెప్పాడు. మరదలు కాలేజీ నుంచి పరుగున వచ్చేసరికి వాళ్ళు ఆ గదిలోనే కూర్చుని ఉన్నారు. ఏసీ గురక పెడుతోంది.

"కాస్త ముందొస్తే ఇంత దాకా వచ్చేది కాదు టీచర్ గారూ," అంటున్నాడు డాక్టరు.

"నాదే తప్పండీ," అంది వదిన, అరిగిపోయిన గొంతుతో. "మా మరదలు ముందే చెప్పింది, చూపించుకోమని. నేనే వినలేదు. దాని తప్పేం లేదు."

సెమికోలన్ మేడమ్‌కు తల కొట్టేసినట్టయింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అనవలసిన మనిషే వెనకేసుకొచ్చింది. భూమి చీలితే బాగుండునని అందరూ అంటారు గానీ, అలాంటప్పుడు భూమి కదలదు, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడి ఉండాల్సిందే. ఆమె నిలబడింది. వాళ్ళిద్దరూ ఆపరేషను తేదీ రాయించుకోవడానికి బయటికి వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి, డాక్టరుకు మొత్తం చెప్పింది. ఏసీ ఆపి, వేసి, చేసి చూపించింది.

ఆయన ఎర్ర రంగునూ పచ్చ రంగునూ మార్చి మార్చి చూశాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

చెప్పింది. తలనొప్పి అన్న రోజు.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడికే రమ్మందామని నేనన్నాను" అని ఆయన అనొచ్చు. అనలేదు. అన్నా బాగుండేది. "ఆ రోజే చెబితే ఈ టీచరమ్మను ఆ రోజే పిలిపించేవాణ్ణి కదమ్మా," అన్నాడు. కోపంగా కాదు, లెక్క అర్థం కానివాడిలా.

మర్నాడు పొద్దున్న ఆమె ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, పత్రం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ఆయన కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"తొందరెందుకు మేడమ్? వచ్చే నెల తనిఖీ బృందం వస్తోంది. అది అయిపోనివ్వండి. ఆ తరవాత మెల్లగా సవరణ అని ఓ ముక్క రాసి పడేద్దాం. ఎవరు చూడొచ్చారు?"

ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చినట్టయిందని ఆమె ఆ తరవాత భర్తతో అంది. అదే ఆమెకు మరింత సిగ్గనిపించింది. అంత జరిగాక కూడా లోపల ఎక్కడో ఒక మనిషి ఇంకో నెల గడువు దొరుకుతుందేమోనని చెయ్యి చాస్తూనే ఉంది.

"లేదండీ. ఫోన్లలో ఇంకా చదువుతున్నారు," అంది.

పత్రం వెనక్కి తీసుకుంటున్నామని ఆమే డాక్టరూ ఇద్దరూ సంతకం చేసి పత్రిక వాళ్ళకు పంపారు. ఫోనుల్లోంచి ప్రోగ్రాం తీసేశారు. దాన్ని వాడినవాళ్ళందరికీ, మీకు వచ్చిన ఫలితాన్ని నమ్మకండి, గొంతులో తేడా ఉంటే డాక్టరుకు చూపించుకోండి అని సందేశం వెళ్ళింది. ఫ్లెక్సీ విప్పేరోజు ఆమె కావాలనే ముందు గేటు గుండా వచ్చింది. ఇద్దరు పనివాళ్ళు నిచ్చెన మీద తాళ్ళు కోస్తున్నారు. ఒక పక్క తెగి, స్టెతస్కోపు పట్టుకున్న ఆమె తలకిందులుగా వేలాడింది. స్టాఫ్ రూములో అప్పటికే జోకు పుట్టింది. "ఫ్యాను కాస్త గట్టిగా మోగుతోందేం? మేడమ్‌కు చూపించండి, గొంతులో కాయలేమో." వినపడినవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది. మొహం సహకరించలేదు.

ఇక వదినకు చెప్పాలి.

ఆపరేషను అయ్యాక డాక్టరు పూర్తిగా మౌనం చెప్పాడు. గుసగుస కూడా పనికిరాదన్నాడు. వదిన తన ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద, బడి నుంచి తెచ్చుకున్న పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నీళ్ళు, దిండు, ఫ్యాను, ఏది కావాలన్నా పలక మీద రాసి చూపించేది. ఒకటో తరగతి పిల్లలకు దిద్దించే గుండ్రటి అక్షరాలు. ఒక సాయంత్రం మరదలు వెళ్ళి పక్కన కుర్చీలో కూర్చుని, తల వంచుకుని, ఖాళీ గది సంగతి, ఫోను చేసిన సాయంత్రం సంగతి, అన్నీ చెప్పింది. మాటలు వాటంతటవే వచ్చాయి. ఎక్కడా ఆగలేదు.

చెప్పడం అయ్యాక తలెత్తి చూస్తే వదిన కిటికీలోంచి బయటికి చూస్తోంది. పలక ముట్టుకోలేదు. కాసేపయ్యాక పలకను తీసి గోడవైపు పెట్టి, దిండు సర్దుకుని అటు తిరిగి పడుకుంది.

మౌనం విప్పమన్న రోజున భర్త ఆమెనూ రమ్మన్నాడు. వెళ్ళింది. వదిన గొంతు సన్నగా, కాగితం మడతపెట్టినట్టు వచ్చింది. తమ్ముడితో రెండు మాటలు మాట్లాడి, అతణ్ణి మందుల షాపుకు పంపి, మరదలి వైపు తిరిగింది.

"ఆ రోజు ఫోన్లో నువ్వు నసిగావు. నాకు వినిపించింది. నీకే ఒంట్లో బాగాలేదేమో, కాలేజీలో అలిసిపోయావేమో అనుకున్నా. మళ్ళీ ఫోన్ చేసి అడుగుదామనుకుని, నిద్రపోతున్నావేమోలే అని ఊరుకున్నా."

"వదినా..."

"చెప్పనీ. ఎక్కువ మాట్లాడకూడదన్నాడు. గొంతు పోయిందని కాదు నా బాధ. తప్పులు అందరూ చేస్తారు. నేనూ ఎంతోమంది పిల్లలకి తప్పు దిద్దించి ఉంటా. చెప్పడానికి కూడా నేను నోరెత్తలేని రోజు చూసుకుని వచ్చావు చూడు. అదీ."

అప్పటిదాకా ఆమెకు ఆ సంగతి తట్టలేదు. తట్టలేదనే అనుకుంది. కానీ వదిన అన్నాక వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ సాయంత్రం వదిన ఇంటి మెట్లెక్కుతున్నప్పుడు గుండెలో ఉన్న తేలికతనం గుర్తొచ్చింది. ఎదుటి మనిషికి తిట్టే వీల్లేదని తెలిసిన తేలికతనం అది. క్షమించమని అడగబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది. అడగడం కూడా ఇంకో రకంగా తప్పించుకోవడంలా అనిపించింది.

వదిన మళ్ళీ ఒకటో తరగతికి వెళ్ళలేకపోయింది. ఆ గొంతు మొదటి బెంచీ దాటదు. బడివాళ్ళు ఆఫీసులో కూర్చోబెట్టి హాజరు చూసే పని ఇచ్చారు. బడికి కరెంటు గంట పెట్టించారు. ఆవిడ తమ్ముడి ఇంటికి వచ్చేది, పాపతో ఆడేది, మరదలితో కూడా మాట్లాడేది. కూరలో ఉప్పు గురించి, పాప జలుబు గురించి. అమ్మాయ్ అని పిలవడం మాత్రం మానేసింది. ఏ పిలుపూ లేకుండా మాట మొదలుపెట్టేది. పరాయివాళ్ళకు అదసలు తేడాలా కనపడదు. ఆ ఇంట్లో అందరికీ కనపడేది.

"కాలమే సర్దుతుందిలే," అనేవాడు భర్త. అక్కకూ భార్యకూ మధ్య ఆయన అడకత్తెరలో పోకచెక్క. ఏ రోజూ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం అన్నం తింటూ తింటూ, "నాకైనా చెప్పాల్సింది," అన్నాడు. అని మళ్ళీ తినసాగాడు.

ఆమె పాఠాలు మానలేదు, పరిశోధనా మానలేదు. మానేస్తే గౌరవంగా తప్పుకున్నట్టుంటుందని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. ఆమెకు అది నచ్చలేదు. డాక్టరుతో కలిసి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంది. ఆస్పత్రిలో మందులు నిల్వచేసే చిన్న గది ఒకటి ఖాళీ చేయించి, గోడలకు పాత పరుపులు కొట్టి, జబ్బున్నవాళ్ళనూ లేనివాళ్ళనూ అక్కడే చదివించారు. పని నత్తనడక. ఈసారి ప్రోగ్రాం చాలా తప్పులు చెప్పింది. పదిమందిలో ముగ్గురి విషయంలో బోల్తా పడేది. ఆ ముక్కే పత్రంలో మొదటి పేరాలో రాశారు. మొదటిసారి ఎలా మోసపోయిందీ, తెలిశాక ఎన్నాళ్ళు చెప్పకుండా ఉన్నదీ కూడా ఆమె రాసింది. ఆ చివరి వాక్యం ఇలాంటి పత్రాల్లో ఉండక్కర్లేదని పత్రికవాళ్ళు కొట్టేశారు. ఆ పత్రానికి ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు.

క్లాసులో మాత్రం ఏటా ఒక పాఠం ఖాళీ గది గురించే చెబుతుంది. ఎవరో చేసిన తప్పు చెబుతోందని పిల్లలు మొదట అనుకుంటారు. చివర్లో, "ఆ లెక్చరర్ నేనే," అంటుంది. ప్రతిసారీ చెవులు ఎర్రబడతాయి. అలవాటవుతుందనుకుంది. కాలేదు.

ఒక శనివారం ఆ పరుపుల గదిలో రికార్డింగులు జరుగుతుంటే తలుపు తోసుకుని వదిన వచ్చింది. వెంట ఒక యువ టీచరు ఉంది, బడిలో కొత్తగా చేరిన ఆమె. "ఈ అమ్మాయి రోజంతా అరుస్తోంది. ఎంత చెప్పినా వినదు. డాక్టరుకి చూపిద్దామని తీసుకొచ్చా," అంది వదిన సన్నటి గొంతుతో, ఎవరికో చెబుతున్నట్టు. ఆ అమ్మాయి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వదిన వెళ్ళలేదు. మైకు ముందున్న కుర్చీ వైపు చూసింది.

"నాలాంటివి కూడా కావాలా మీకు? కోశాక మిగిలిన గొంతులు?"

"కావాలి వదినా."

వదిన కూర్చుని, సంచిలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, వాన పేరా చదివింది. ఒకటో తరగతికి చదివినట్టే, పదం పదం విడదీసి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుంటూ. రెండో వాక్యంలో గొంతు తెగితే ఆగి, మళ్ళీ ఆ వాక్యం మొదటి నుంచి చదివింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మరదలు తెర మీది గీతలనే చూస్తూ కూర్చుంది. తల తిప్పలేకపోయింది.

"సరిగా వచ్చిందా? లేకపోతే ఇంకోసారి చదువుతా."

"వచ్చింది."

"నీ కోసం చదవలేదు," అంది వదిన కళ్ళద్దాలు పెట్టెలో పెడుతూ. "తెలుసుగా."

"తెలుసు వదినా."

వదిన లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బయట ఆ అమ్మాయి ఇంకా రాలేదేమిటని నడవలోకి తొంగి చూసింది. మరదలు రికార్డింగు భద్రపరిచి, వయసు గడిలో వయసు, వృత్తి గడిలో టీచరు అని నింపింది. ఆ తరవాతి రోగిని పిలవాల్సి ఉంది. కుర్చీ సర్ది, తలుపు దగ్గరికి వెళ్ళి పిలిచింది.